పాఠశాల బ్యాండుకు, ఆర్కెస్ట్రాకు చుట్టుపక్కలవారి అండ కూడగట్టడం ఎలా?

పాఠశాలకు వాద్యాలు కొనిపెడతామంటూ ముందుకు వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. ఫొటో దిగుతారు, చప్పట్లు మోగుతాయి. రెండేళ్ల తర్వాత అదే ట్రంపెట్, వేలితో నొక్కే వాల్వులు బిగుసుకుపోయి పెట్టెలో మూలుగుతుంటే, నాలుగు చుక్కల నూనె వేయడానికి మాత్రం ఎవరూ కనిపించరు. ఒక పాఠశాల బ్యాండుకు సాయపడే తల్లిదండ్రుల బృందంలో కొన్నేళ్లు పనిచేశాను. మా దగ్గర కొరత పడింది దాతలు కారు, కొన్నవాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులు. అలాంటివారిని కూడగట్టే పద్ధతి ఇది.

1. ముందు మాస్టారి మాట వినండి

ఏ సాయం చేయాలో ఇంట్లో కూర్చుని నిర్ణయించకండి. సంగీతం మాస్టారి అనుమతితో ఒక సాధన తరగతికి వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. స్వరాలు రాసిన కాగితం పెట్టుకునే ఒకే స్టాండు ముందు ముగ్గురు పిల్లలు మెడలు సాచి చదువుతున్నారా? ఎవరి క్లారినెట్‌కైనా రబ్బరు బ్యాండు చుట్టి ఉందా? శ్రుతి చేయడానికే పావుగంట పోతోందా? ఇవన్నీ గంటలో తెలిసిపోతాయి. ఆ తర్వాత మాస్టారిని ఒకటే అడగండి: "ఈ నెలలో మీ నెత్తి మీది పని ఒకటి మేం తీసుకుంటాం, ఏది ఇస్తారు?" వచ్చే జవాబు చాలాసార్లు కొత్త వాద్యం కాదు. చిందరవందరగా పడి ఉన్న స్వరప్రతులను సర్దిపెట్టమంటారు, లేదా కచేరీ రోజున టింపనీలు అనే పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్ములు మోయడానికి మనుషులు కావాలంటారు.

బ్యాండు అవసరాలు వేరు, ఆర్కెస్ట్రా అవసరాలు వేరు. ఆర్కెస్ట్రాకు ఆధారం తీగవాద్యాలు. వయొలిన్లు పావు, అర, ముప్పాతిక, పూర్తి అంటూ రకరకాల పరిమాణాల్లో వస్తాయి. పిల్లల చేయి పెరిగే కొద్దీ వాద్యం మారాలి. అందుకని అక్కడ కావలసింది చేతులు మారుతూ తిరిగే ఉమ్మడి నిల్వ. బ్యాండులో ఊదే వాద్యాలు, తాళవాద్యాలు ఎక్కువ. ఫ్లూటో ట్రంపెటో కొన్ని కుటుంబాలు సొంతంగా కొనుక్కుంటాయి. ట్యూబా, బారిటోన్ శాక్సఫోన్, బసూన్ లాంటి కింది స్థాయి స్వరాలు పలికే పెద్ద ఊదే వాద్యాలు, టింపనీ మాత్రం ఇంటికి కొనుక్కునేవారు అరుదు. నన్నడిగితే ఉమ్మడి డబ్బు మొదట వీటికే పోవాలి. కింది స్థాయి స్వరాలు మోసేవారు లేకపోతే పైన ఎంతమంది ట్రంపెట్లు ఊదినా మిగిలేది గోలే.

2. బీరువా తెరిచి రిజిస్టరు రాయండి

ఒక సెలవు రోజున నలుగురు కూర్చుని ఉన్న సామానంతా బయటికి తీయండి. వాద్యం పేరు, తయారీదారు, సీరియల్ నంబరు, పరిస్థితి, పెట్టె, నోట పెట్టి ఊదే మౌత్‌పీస్ లేదా తీగల మీద రాసే కమాను ఉందో లేదో, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో రాసుకోండి. సీరియల్ నంబరు ట్రంపెట్‌కు సాధారణంగా నడిమి వాల్వు గొట్టం మీద ఉంటుంది. శాక్సఫోన్‌కు వెనకవైపు బొటనవేలు ఆనించే చోటికి దగ్గరలో, క్లారినెట్‌కు చెక్క భాగాల వెనకవైపు వెతకండి. వయొలిన్ లోపల కనిపించే చీటీని మాత్రం నమ్మకండి. స్ట్రాడివారి అనే ప్రసిద్ధ ఇటలీ వయొలిన్ తయారీదారు పేరున్న చీటీలు ఫ్యాక్టరీ వయొలిన్లలో వేలకు వేలు అంటించారు. అలాంటిది కనిపించగానే పాఠశాలకు నిధి దొరికిందని సంబరపడినవారిని నేను చూశాను, అందులో నేనూ ఉన్నాను.

తీసినవాటిని మూడు కుప్పలు చేయండి: ఈ రోజే వాయించదగ్గవి, మరమ్మతు చేస్తే పనికొచ్చేవి, విడిభాగాలకు తప్ప పనికిరానివి. మూడో కుప్పను వదులుకోవడానికి మనసొప్పదు. అయినా వదులుకోండి, లేకపోతే బీరువాలో మంచివాటికి చోటుండదు.

3. మరమ్మతును అసలు పనిగా పెట్టుకోండి

క్లారినెట్ మీటల కింద మెత్తని ప్యాడ్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి సరిగ్గా మూసుకోకపోయినా గాలి జారిపోతుంది, కింది స్వరాలు పలకవు. ఆ సంగతి పదేళ్ల పిల్లకు తెలియదు. తనకే చేతకావడం లేదనుకుంటుంది, రెండు నెలలు కుస్తీ పట్టి మానేస్తుంది. చాలా పాఠశాలల్లో "ఆసక్తి లేక మానేశారు" అని రాసుకున్న పేర్ల వెనక ఇలాంటి ప్యాడ్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంట్లోవాళ్లు, స్వచ్ఛంద సేవకులు నేర్చుకుని చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వాల్వులకు వాల్వు నూనె, జారే గొట్టాలకు గ్రీజు పెట్టవచ్చు. ఊదడం అయ్యాక లోపలి తడిని గుడ్డతో లాగి తుడవాలి. మౌత్‌పీస్‌ను గోరువెచ్చని సబ్బునీటితో, చిన్న బ్రష్షుతో కడగాలి. గట్టి రబ్బరుతో చేసిన మౌత్‌పీస్‌ను మరిగే నీటిలో వేస్తే రంగు మారి పాడవుతుంది. మౌత్‌పీస్‌కు బిగించే పలుచని బద్దను రీడు అంటారు, ఒకరి రీడును ఇంకొకరు వాడకూడదు. వాయించాక కమాను మరను తప్పకుండా వదులు చేయాలి. తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి ఒకటి బిగించండి. అన్నీ ఒకేసారి తీస్తే తీగలను ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జి పడిపోతుంది, దాంతోపాటు లోపల ఒత్తిడి మీదే నిలబడిన సౌండ్‌పోస్టు అనే చిన్న పుల్ల కూడా పడిపోవచ్చు.

కొన్ని పనుల జోలికి అసలు వెళ్లకూడదు. ట్రంపెట్‌లో మౌత్‌పీస్ ఇరుక్కుంటే పట్టకారు పట్టుకుని మెలితిప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. గొట్టం వంకర పోతుంది. దీనికోసమే మౌత్‌పీస్ పుల్లర్ అనే పరికరం ఉంది. ఒకటి కొని మాస్టారి బల్లలో పెట్టండి. ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది. పగిలిన వయొలిన్‌కు బజారు జిగురు పూయడం మరో తప్పు. వయొలిన్లను అవసరమైనప్పుడు విప్పేందుకు వీలుగా, వేడికి, తేమకు మెత్తబడే జంతు జిగురుతో అతుకుతారు. ఎండలో నిలిపిన కారులో వాద్యాన్ని వదలకూడదనేది కూడా ఇందుకే. నిల్వ గదిలో గాలి తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చెక్క వాద్యాలకు మేలు. తేమ చూపే చిన్న మీటరును గోడకు తగిలించండి.

చేయి తిరిగిన మనిషి ఒక్కరు దొరికినా ఎంత జరుగుతుందో పరాగ్వేలో చూశారు. రాజధాని అసున్సియోన్ దగ్గరి కతెయూరా చెత్తదిబ్బ పక్కన, చెత్త ఏరుకుని బతికే నికొలాస్ గోమెస్ అనే ఆయన పారేసిన డబ్బాలతో, చెక్కలతో వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన చెలోలు చేశాడు. అక్కడి పిల్లల ఆర్కెస్ట్రా వాటినే వాయిస్తూ దేశాలు తిరిగింది. మీ చుట్టుపక్కల వడ్రంగి పని, గడియారాల మరమ్మతు తెలిసినవారు ఉంటే పరిచయం పెంచుకోండి. వాద్యాల మరమ్మతు నేర్పడానికి నిపుణుణ్ని పిలిచిన రోజున వారినీ కూర్చోబెట్టండి.

ఎవరైనా అటక మీది వాద్యం తెచ్చి ఇస్తామంటే వెంటనే పుచ్చుకోకండి. మరమ్మతు చేసేవారికి చూపించి, అయ్యే ఖర్చు దాని విలువకన్నా తక్కువేనా, విడిభాగాలు దొరుకుతాయా అని కనుక్కోండి. మెరుగుపెట్టి మురిపించే చవక వాద్యాల్లో కొన్నిటికి మీట విరిగితే ఇంకో మీట పుట్టదు. కాదనవలసి వస్తే, "దీనికి బదులు ఒక తీగల సెట్టు ఇప్పిస్తారా?" అని అడగండి. ఆ మాటకు నొచ్చుకున్నవారు నాకు తారసపడలేదు.

4. బృందాన్ని, ఖాతాను పద్ధతిగా ఏర్పాటు చేయండి

మొదటి సమావేశానికి నలుగురే వస్తే చిన్నబుచ్చుకోవద్దు. 1975లో వెనెజువెలాలో సంగీతకారుడు హోసే ఆంటోనియో అబ్రేయు తన యువ ఆర్కెస్ట్రా కోసం పిలిచిన మొదటి సాధనకు వచ్చింది 11 మంది. అదే తర్వాత ఎల్ సిస్టెమా పేరుతో దేశమంతటా లక్షల మంది పిల్లలకు వాద్యసంగీతం నేర్పింది.

పాఠశాల యాజమాన్యం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మీరున్న చోటి చట్టం ప్రకారం నమోదు అవసరమైతే చేయించండి. డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు. బృందం పేరిట ఖాతా, ఇద్దరి సంతకాలు, ప్రతి చందాకు రసీదు, మూడు నెలలకోసారి అందరికీ కనిపించేలా లెక్కలు ఉండాలి. స్నేహితుల మధ్య ఇదంతా ఎందుకు అనే పెద్దమనిషి తప్పకుండా ఉంటారు. స్నేహం చెడకుండా ఉండాలనే ఇదంతా అని ఆయనకు చెప్పండి.

ఏడాది ఖర్చును రాసేటప్పుడు మరమ్మతును పైన రాయండి. తర్వాత రీడ్లు, తీగలు, నూనె లాంటి అరిగిపోయే వస్తువులు, ఆపైన స్వరప్రతులు, రవాణా. ఏదో ఒక రోజు ట్యూబా మార్చాల్సి వస్తుంది కాబట్టి ఏటా కొంత పక్కన పెట్టండి. స్వరప్రతుల దగ్గర జాగ్రత్త అవసరం. స్వరకర్త పోయి వందేళ్లయినా, ఆ రచనను బ్యాండుకు అనువుగా మలిచినవారి హక్కులు ఇంకా ఉండవచ్చు. ఒక ప్రతి కొని ముప్పై నకళ్లు తీయడం మంచి పని కాదు. హక్కుల గడువు తీరిన రచనలు ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి.

చందా అడిగేటప్పుడు "సంగీతాన్ని ప్రోత్సహించండి" అంటే జేబులోని చేయి జేబులోనే ఉంటుంది. "ఒక చెలోకు ఏడాదికి సరిపడా తీగలు" అనండి. ఇచ్చినవారికి ఆ చెలో వాయించే పిల్లలు సొంత చేతిరాతతో నాలుగు వాక్యాలు రాస్తే, మరుసటి ఏడాది వారిని అడగాల్సిన పని ఉండదు. ఒక్కటి మాత్రం ముందే తీర్మానం చేసుకోండి: చందా ఇచ్చారని ఎవరి బిడ్డకూ మొదటి కుర్చీ, అంటే ముఖ్య వాయిద్యకారుల స్థానం, దక్కదు, ఇవ్వలేనివారి బిడ్డ పేరు ఎక్కడా బయటికి రాదు.

5. డబ్బు ఇవ్వలేనివారికి పని ఇవ్వండి

సామాను ఎక్కించడం, దుస్తులకు కుట్లు వేయడం, స్వరప్రతులు జాబితా చేయడం, కచేరీ రోజు తలుపు దగ్గర నిలబడటం: ఒక్కొక్కటి రెండు గంటలు మించని పనులుగా విడగొట్టి కాగితం మీద పెట్టండి, ఎవరికి వీలైనది వారు తీసుకుంటారు. పూర్వ విద్యార్థులో, విశ్రాంత కళాకారులో వాయిద్యాల వారీగా నేర్పడానికి వస్తే మహాభాగ్యం. అయితే పిల్లల భద్రతకు పాఠశాల పెట్టిన నిబంధనలన్నీ వారికీ వర్తించాలి, ఎంత తెలిసినవారైనా పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు.

ఎవరికీ తట్టని సాయం ఒకటి చెవుల సంగతి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటల వరకు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది, 100 దగ్గర అది 15 నిమిషాలే. చిన్న గదిలో ట్రంపెట్లు, డ్రమ్ములు కలిసి మోగితే ఆ స్థాయికి చేరడం కష్టమేమీ కాదు. గోడలకు శబ్దాన్ని పీల్చే పలకలు, దళసరి తెరలు, డ్రమ్ములు వాయించేవారికి, వారి ముందు కూర్చునేవారికి, మాస్టారికి ఇయర్ ప్లగ్గులు ఇప్పించండి. కచేరీలో ఎవరికీ కనిపించని ఖర్చు కాబట్టి దాతలు దొరకడం కొంచెం కష్టమే.

6. బడ్జెట్ కోత రాకముందే వినిపించండి

పెద్ద కచేరీ ఏడాదికి ఒకటి చాలు. మిగతా రోజుల్లో చిన్న బృందాలను గ్రంథాలయానికి, వృద్ధాశ్రమానికి, ఆసుపత్రి వరండాకు పంపండి. అరగంట మించనివ్వకండి. నేర్చుకుని ఆరు నెలలైన పిల్లలనూ వాయించనివ్వండి, అపశ్రుతులతో సహా. అదే వేదిక మీద పెద్ద పిల్లలు వాయించినప్పుడు, మధ్య ఏళ్లలో ఏం జరిగిందో వినేవారికి ఎవరూ వివరించనక్కర్లేదు.

పాఠశాల బడ్జెట్ నిర్ణయించేవారిని వీటికి పిలవండి. కోత ప్రకటించాక పరుగెత్తితే ఫిర్యాదులా ఉంటుంది, ముందే పరిచయం ఉంటే మాట చెల్లుతుంది. వాళ్ల సమావేశంలో రెండు నిమిషాలు చాలు. ఎంతమంది పిల్లలు, ఎన్ని వాద్యాలు, అందులో ఎన్ని మరమ్మతులో ఉన్నాయి: రిజిస్టరు చూసి చెప్పండి. ఇంకొక్కటి తప్పక చెప్పాలి. కోత చాలాసార్లు కొత్తగా చేరేవారి తరగతితో మొదలవుతుంది, ఎందుకంటే వాళ్లు కచేరీలో కనిపించరు. ఆ ఏడాది ఏమీ తేడా తెలియదు, మరుసటి ఏడాదీ తెలియదు. పెద్ద పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయిన రోజున కుర్చీలు నింపేవారు ఉండరు, అప్పుడు ఆ తరగతిని మళ్లీ తెరిచినా బ్యాండు నిలదొక్కుకోవడానికి అన్నేళ్లూ పడుతుంది.

7. మీ తర్వాతివారిని ఇప్పుడే వెతకండి

పిల్లలతోపాటు తల్లిదండ్రులూ వెళ్లిపోతారు. ప్రతి బాధ్యతకూ చిన్న తరగతి పిల్లల ఇంటి నుంచి ఒకరిని తోడు పెట్టుకోండి, ఒక ఏడాది పక్కనే ఉంచి పని చూపించండి. రిజిస్టరు ఆఖరి పుటలో మరమ్మతు చేసేవారి ఫోను నంబరు, ఖాతా వివరాలు ఎవరి దగ్గరున్నాయో, ఏ దాత ఏ నెలలో ఇస్తారో రాసిపెట్టండి. బీరువా రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా రాయండి. మేం అది రాయలేదు, కచేరీ పొద్దున తాళం పగలగొట్టాం.