బరువు మోసే బండిలో వచ్చిపోయే మిస్సింగ్: సమస్య - పరిష్కారం

మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండరులో ఇంధనం సరిగా మండక ఇంజిన్ కుదుపు ఇవ్వడం. ఈ వివరణ పెట్రోలుతో గానీ సీఎన్‌జీతో గానీ నడుస్తూ, ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌లో స్పార్క్‌కు కావలసిన వోల్టేజి ఇచ్చేది) ఉన్న ఇంజిన్లకు వర్తిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు కనుక అక్కడి మిస్సింగ్‌ను వెతికే దారి వేరు. ప్లగ్ విప్పడం, మల్టీమీటరు వాడడం, స్కానరుతో కోడ్‌లు చదవడం తెలిసినవారిని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఎప్పుడూ వదలకుండా ఉండే మిస్సింగ్‌ను పట్టుకోవడం పెద్ద పని కాదు. షెడ్డులో నిలబెట్టినంతసేపూ చక్కగా నడిచి, సరుకు ఎక్కించి ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నాలుగు కుదుపులు ఇచ్చి మళ్లీ సర్దుకునే మిస్సింగ్‌తోనే చిక్కంతా. అలాంటి బండి నా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు కొత్త ప్లగ్‌లు, కొత్త కాయిల్స్, ఒక్కోసారి కొత్త ఇంజెక్టర్లు కూడా బిగించి ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ బిగిసి ఉందో మాత్రం అప్పటికీ ఎవరూ చూసి ఉండరు.

మిస్సింగ్ ఎప్పుడు వస్తోంది?

స్పానర్ పట్టుకునే ముందు బండి నడిపేవారిని ఈ ప్రశ్న అడగాలి. ఐడ్లింగులో వణికి, వేగం అందుకున్నాక సర్దుకుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర గాలి లీకై ఉండవచ్చు. థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బలంగా ఉంటుంది, ఇంజిన్ పీల్చే మొత్తం గాలిలో ఈ దొంగగాలి వాటా ఎక్కువయ్యేదీ అప్పుడే. పెద్ద ఎత్తు మీద కొంతసేపు బాగానే లాగి, ఆ తరువాత బలం మెల్లగా చచ్చిపోతూ పి0171 కోడ్ (గాలికి తగినంత ఇంధనం లేదని చెప్పేది) కూడా పడితే ఇంధనం చాలడం లేదని అర్థం. అప్పుడు ఫిల్టరు, పంపు చూసుకోవాలి. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కిన క్షణంలోనే టక్కున కొట్టి, కాలు తీయగానే మాయమయ్యే మిస్సింగ్ మాత్రం చాలావరకు ఇగ్నిషన్ వైపుదే. సిలిండరులో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ గ్యాప్‌ను దాటడానికి స్పార్క్‌కు మరింత వోల్టేజి కావాలి. అందుకే ఐడ్లింగులో నెట్టుకొచ్చే బలహీనమైన స్పార్క్ లోడ్ మీద చేతులెత్తేస్తుంది.

పనిలో పనిగా ఇంకొక ప్రశ్న కూడా వేయాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు, బండికి తరువాత అమర్చిన లైట్లు లేదా ఇన్వర్టరు పనిచేస్తున్నప్పుడు మిస్సింగ్ ఎక్కువవుతోందా? అవునని జవాబు వస్తే ప్లగ్‌ల డబ్బా తెరవక ముందే నేరుగా ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి) పరీక్షకు వెళ్లవచ్చు.

కోడ్‌ను ఎలా చదవాలి?

ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు, మిస్సింగ్‌ను సిలిండరులోకి తొంగి చూసి కనిపెట్టదు. క్రాంక్‌షాఫ్ట్ తిరిగే వేగంలో వచ్చే చిన్న తడబాటును బట్టి లెక్కగడుతుంది. గతుకుల రోడ్డు మీద చక్రాల నుంచి వచ్చే కుదుపులు ఈ లెక్కను పాడుచేస్తాయి కాబట్టి చాలా బండ్లలో అలాంటి చోట ఈ పరిశీలన కొంతసేపు ఆగిపోతుంది. కోడ్ పడలేదు కాబట్టి మిస్సింగ్ లేదని డ్రైవరుతో వాదించడం సరికాదు. చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతూంటే మాత్రం బండిని బరువుతో నడపకూడదు, ఎందుకంటే కాలని ఇంధనం కెటలిటిక్ కన్వర్టరులోకి చేరి అక్కడ మండి దానిని కరిగించవచ్చు.

పి0301, పి0302 వంటి కోడ్‌లలో చివరి అంకె సిలిండరు సంఖ్యను చెబుతుంది. ప్రతిసారీ అదే సిలిండరు వస్తూంటే ఆ కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి బండిని మళ్లీ లోడ్ మీద నడపాలి. కోడ్ కాయిల్‌తో పాటు వెళితే కాయిల్‌దే తప్పు. వెళ్లకపోతే ప్లగ్, ఆ తరువాత ఇంజెక్టరు, కంప్రెషన్ వరుసగా చూడాలి. కాయిల్‌ను, ప్లగ్‌ను ఒకేసారి మారిస్తే ఏది దోషో తేలదు. ప్లగ్ విప్పినప్పుడు గ్యాప్‌ను మాత్రమే కొలిచి ఊరుకోకుండా తెల్లని పింగాణీ భాగాన్ని వెలుతురులో తిప్పి చూడాలి. దాని మీద నిలువుగా పెన్సిలు గీతలాంటి సన్నని నల్లగీత కనిపిస్తే స్పార్క్ గ్యాప్‌లో పడకుండా ఆ గీత వెంట బయటినుంచి ఎర్త్ అవుతోందన్నమాట. కాయిల్ కింద ఉండే రబ్బరు బూట్ లోపల కూడా అలాంటి గీతే పడి ఉంటుంది. రెంటిలో ఒక్కదాన్నే మారిస్తే పాతదాని మీది గీత కొత్తదానికి అంటుకుంటుంది కనుక ప్లగ్‌ను, బూట్‌ను కలిపే మార్చాలి. ఇది రోజూ చూసే విషయమే, ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఏ సిలిండరో చెప్పని పి0300 కోడ్ పడినా, ఈరోజు ఒకటో సిలిండరు, రేపు మూడో సిలిండరు అన్నట్టు కోడ్ మారుతూ వచ్చినా కథ వేరు. నాలుగు కాయిల్స్ ఒకేసారి చెడిపోవడం అరుదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాని కోసం వెతకాలి, ఆ ఉమ్మడి వస్తువుల్లో అందరూ వదిలేసేది ఎర్త్.

దాక్కునే కారణం: ఇంజిన్ ఎర్త్

బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక కేబుల్ బాడీకో, గేర్‌బాక్సుకో వెళుతుంది. బాడీకి, ఇంజిన్‌కు మధ్య మరొక అల్లిక పట్టీ గానీ కేబుల్ గానీ ఉంటుంది. ఇవి కాక కాయిల్స్ అన్నిటి ఎర్త్ వైర్లూ కలిసి సిలిండర్ హెడ్ మీద ఒక చిన్న రింగు లగ్‌తో (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొస) బిగిసి ఉండడం చాలా ఇంజిన్లలో కనిపిస్తుంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి బరువు లాగిన ప్రతిసారీ ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ పట్టీ కూడా దానితో పాటు వంగుతుంది. బరువు మోసే బండిలో మౌంటింగ్‌లు అరిగి ఈ ఒరుగు ఇంకా పెరుగుతుంది. లగ్ నొక్కిన చోట, ప్లాస్టిక్ తొడుగు కింద, తీగపోగులు ఒక్కొక్కటే తెగుతూ పోతాయి, లోపలికి చేరిన తేమకు మిగిలినవి పచ్చగా పొడిబారతాయి. పైకి చూస్తే కేబుల్ నిక్షేపంలా ఉంటుంది. తొడుగు కోస్తేనే ఆ పచ్చపొడి, నాలుగైదు పోగుల మీద వేలాడుతున్న లగ్ కనిపిస్తాయి.

బండి నిలబడి ఉన్నప్పుడు ఆ పోగులు ఆనుకునే ఉంటాయి. ఇంజిన్ ఒరిగినప్పుడు విడిపోతాయి, కాలు తీయగానే మళ్లీ ఆనుకుంటాయి. విడిపోయిన ఆ క్షణంలో ఇంజిన్ ఎర్త్‌కు, బాడీ మీద ఉన్న ఈసీయూ ఎర్త్‌కు మధ్య వోల్టేజి తేడా ఎగిరిపడుతుంది. స్పార్క్ వేయమని ఈసీయూ పంపే ట్రిగ్గర్ కాయిల్‌కు సరైన స్థాయిలో అందదు, సెన్సార్ల సంకేతాలు కూడా ఊగుతాయి. హెడ్ మీది రింగు లగ్ వదులైతే కాయిల్ ప్రైమరీలోకి (లోపలి మొదటి చుట్టలోకి) వెళ్లే కరెంటే తగ్గి స్పార్క్ నేరుగా బలహీనపడుతుంది.

ఈ లోపం మనుషులను తప్పుదారి పట్టించే తీరు చూడాలి. కాయిల్ మార్చేవారు ముందుగా బ్యాటరీ టెర్మినల్ విప్పుతారు, వైర్ల కట్టను పక్కకు జరుపుతారు, మళ్లీ అన్నీ బిగిస్తారు. ఆ కదలికకే పోగులు కొత్తగా సర్దుకుని బండి కొన్నాళ్లు బాగా నడుస్తుంది, పేరు కొత్త కాయిల్‌కు దక్కుతుంది. మిస్సింగ్ తిరిగి వచ్చాక కాయిల్ నాసిరకమని తేల్చి ఇంకొకటి కొంటారు. భాగం మార్చగానే తగ్గి కొన్నాళ్లకు తిరగబెట్టిన ప్రతి మిస్సింగ్‌లోనూ కదిలించిన వైర్లను ముందుగా అనుమానించాలి.

కొలిచే పద్ధతి

ఓమ్ మీటరుతో కొలిచి ఎర్త్ బాగుందని చెప్పేవారిని చూస్తే విసుగు వస్తుంది. మీటరు ఓమ్ పరీక్షకు పంపే కరెంటు అతిస్వల్పం, ఒక్క పోగు మిగిలి ఉన్నా అది సులువుగా దాటిపోతుంది. పైగా మీటరు తీగలకే 0.2 ఓమ్ దాకా నిరోధం ఉంటుంది. ఎర్త్‌లో 0.01 ఓమ్ నిరోధం ఉంటే మీటరులో కనబడదు, కానీ దాని గుండా 50 ఆంపియర్లు పారితే 0.5 వోల్టు అక్కడే పోతుంది. కాబట్టి కరెంటు పారుతుండగా వోల్టేజి డ్రాప్ కొలవడమే సరైన పరీక్ష.

మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఉంచాలి. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదనే ఉంచాలి. రెండో మొనను సిలిండర్ హెడ్ మీద రంగు లేని లోహానికి ఆనించాలి. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయరు, ఉన్న లోడ్‌లన్నీ వేసి చూస్తే 0.1 వోల్టు లోపు ఉండాలి. ఆల్టర్నేటర్ ఎర్త్ ఇంజిన్ మీదనే ఉంటుంది కాబట్టి అంకె ముందు మైనస్ గుర్తు రావచ్చు, దానిని పట్టించుకోనక్కర్లేదు. తరువాత ఫ్యూయల్ పంప్ రిలే తీసి, ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ కొట్టి చూడాలి. అప్పుడు కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది కనుక 0.2 వోల్టు దాకా సహించవచ్చు, 0.5 దాటితే ఎర్త్ చెడిందనడంలో సందేహం లేదు. మీటరులో మిన్-మ్యాక్స్ సౌకర్యం (అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలను గుర్తుంచుకునేది) ఉంటే దానిని వేసి, చక్రాలకు అడ్డులు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో క్లచ్‌ను కొద్దిగా వదిలి ఇంజిన్‌ను ఒరిగించి చూస్తే మామూలుగా దొరకని లోపం కూడా దొరుకుతుంది. ఇంకొకరి సాయం లేకుండా ఆ పని చేయకూడదు, బండి ముందు ఎవరూ నిలబడకూడదు.

డ్రాప్ ఎక్కువగా ఉంటే ముక్కలుగా కొలవాలి: పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి కేబుల్ లగ్, లగ్ నుంచి బాడీ లోహం, బాడీ నుంచి ఇంజిన్. వోల్టేజి ఏ ముక్కలో పోతోందో లోపం అక్కడే ఉంది. కాయిల్ కనెక్టరు ఎర్త్ పిన్ నుంచి పోస్టు వరకు విడిగా ఒకసారి కొలవడం మరువకూడదు.

ఇంత ఓపిక లేనివారికి మరొక దారి ఉంది. ఒక జంపర్ కేబుల్‌ను బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు గట్టిగా పట్టించి, బెల్టుకు, ఫ్యానుకు, ఎగ్జాస్టుకు తగలకుండా కట్టి, అదే బరువుతో అదే ఎత్తు ఎక్కించాలి. మిస్సింగ్ రాకపోతే అనుమానం ఎర్త్ మీదే నిలుస్తుంది. క్లచ్ కేబులో, గేరు కేబులో వేడెక్కిన గుర్తులు కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, దారి దొరకని కరెంటు వాటి గుండా ఇల్లు చేరుతోంది.

మరమ్మతు

పాత లగ్‌ను మళ్లీ నొక్కి వాడకుండా కేబుల్‌నే మార్చాలి. మందం పాతదానికి తక్కువ కాకూడదు, పొడవులో ఇంజిన్ ఒరగడానికి వీలుగా కొంత వదులు ఉండాలి. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌ను ముందుగా విప్పి, అన్నీ అయ్యాక చివర్లో బిగించాలి. లగ్ కూర్చునే చోట రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తరువాతే పైన గ్రీజు పూయాలి. బాడీకి కొత్తగా రంగు వేయించిన బండ్లలో లగ్ కింద రంగు పొర మిగిలిపోవడం పరిపాటి. తరువాత అమర్చిన లైట్ల ఎర్త్‌లన్నీ ఒకే బోల్టు కింద దొంతరగా పేర్చి ఉంటే వాటిని అక్కడినుంచి తీసి వేరే చోట బిగించాలి. మౌంటింగ్ అరిగి ఉంటే దానిని మార్చకుండా వేసిన కొత్త కేబుల్ కూడా అదే దారి పడుతుంది. చివరగా కోడ్‌లు చెరిపి, ఖాళీ బండితో కాకుండా బరువుతోనే పరీక్షించాలి. బ్యాటరీ విప్పినందువల్ల మొదట్లో ఐడ్లింగ్ కాస్త తేడాగా ఉండవచ్చు, అది దానంతటదే సర్దుకుంటుంది.

ఎర్త్ బాగున్నట్టు తేలితే కాయిల్స్‌కు పాజిటివ్ ఇచ్చే రిలేను, ఫ్యూజును కూడా ఇదే డ్రాప్ పద్ధతిలో కొలవాలి, క్రాంక్ సెన్సార్ కనెక్టరును విప్పి చూడాలి. కాలిన వాల్వు, సాగిన టైమింగ్ చైన్ వంటివి చాలా అరుదుగా ఉండి ఉండి వచ్చే మిస్సింగ్‌గా కనబడతాయి, కంప్రెషన్ పరీక్ష చాలావరకు వాటి సంగతి తేలుస్తుంది. రాత్రంతా ఆగిన బండి ఉదయం అర నిమిషం మిస్సింగ్ కొట్టి సర్దుకుంటూ, కూలెంట్ కూడా తగ్గుతూంటే హెడ్ గాస్కెట్ చూడాలి. ఈసీయూ చెడిందనే మాట పై కొలతలన్నీ కాగితం మీద రాసి చూపగలిగినవారు చెబితేనే నమ్మాలి.