సోఫా కొనే ముందు గదిలో గీతలు చూడండి

గది సర్దుకోవాలి అనుకోగానే అందరూ ముందు రంగులు, సోఫాలు, లైట్లు చూడటం మొదలుపెడతారు. నన్నడిగితే అవన్నీ చివర్లో చూసుకోవాల్సినవి. ముందు చూడాల్సింది ఆకారం. అదేం బ్రహ్మవిద్య కాదు, స్కూల్లో చదువుకున్న బిందువు (చూపు ఆగే ఒక చోటు), రేఖ (గీత), తలం (గోడలా చదునుగా పరుచుకున్నది), ఘనం (చోటు ఆక్రమించే ఆకారం), ఈ నాలుగే. అన్నీ మంచి వస్తువులే ఉన్నా గది గజిబిజిగా ఉందంటే, చాలాసార్లు కారణం బిందువులూ గీతలూ మరీ ఎక్కువైపోయి, చూపు ఆనడానికి ఒక్క ఖాళీ తలం కూడా మిగలకపోవడమే.

గుమ్మంలో నిలబడి ఫోన్‌తో ఒక ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రంగులు పోతే అసలు సంగతి బయటపడుతుంది. ఆ ఫోటో మీదే వేలితో అడ్డగీతలన్నీ గీయండి: తలుపు పై అంచు, కిటికీ పై అంచు, అల్మరా పై అంచు, టీవీ, ఫోటో ఫ్రేములు. తలుపు 210 సెంటీమీటర్ల దగ్గర ఆగితే, కిటికీ 203 దగ్గర, అల్మరా 195 దగ్గర ఆగిందనుకోండి, విడివిడిగా దేనిలోనూ తప్పు లేదు, కానీ కన్ను ఒక్కో అంచు దగ్గర ఆగి ఆగి దిగుతుంది, అలసట అక్కడే. మూడింటినీ ఒక గీతలోకి తేవాలి. తలుపు ఎత్తు మార్చలేం కాబట్టి అదే ఆధారం. కిటికీకి కర్టెన్ రాడ్‌ని సీలింగ్ దగ్గరికి ఎత్తేస్తే ఆ అంచు కనబడకుండా పోతుంది, పైనుంచి నేల దాకా దిగే మడతలు నిలువు గీతలై గదిని ఎత్తుగా చూపిస్తాయి కూడా. అల్మరాని సీలింగ్ దాకా తీసుకెళ్లి, తలుపు ఎత్తు దగ్గర షట్టర్లు విడదీయమని కార్పెంటర్‌కి చెప్పండి. ఇంకేం మార్చకపోయినా సగం గజిబిజి పోతుంది.

అడ్డగీతలు గదిని సాగదీస్తాయి, నిలువువి లేపుతాయి. ఏటవాలు గీత కదులుతున్నట్టుంటుంది, అందుకే మెట్లున్న హాల్లో ఆ ఒక్కటీ చాలు, పక్కన ఏటవాలు డిజైన్ల వాల్‌పేపర్ వద్దు.

బిందువు విషయానికొస్తే, రోమ్‌లో 2వ శతాబ్దంలో కట్టిన పాంథియాన్ అనే గుడి చూడండి. గుమ్మటం వ్యాసం, నేల నుంచి దాని ఎత్తు రెండూ దాదాపు 43.3 మీటర్లే, అంటే లోపల ఒక పూర్తి గోళం పట్టేస్తుంది. నడినెత్తిన 8 మీటర్లు దాటిన గుండ్రటి రంధ్రం. అంత పెద్ద గుమ్మటంలో లోపలికొచ్చిన వాళ్ల చూపు నేరుగా పోయేది ఆ రంధ్రం మీదికే. మన గదిలో ఆ పని టేబుల్ మీద వేలాడే ఒక దీపం చేస్తుంది, టేబుల్‌కి 75 నుంచి 90 సెంటీమీటర్ల పైన ఉంటే చాలు. బిందువు మధ్యలో ఉంటే ప్రశాంతంగా ఉంటుంది, పక్కకి జరిగితే కాస్త టెన్షన్ పుడుతుంది. ఆ టెన్షనే కావాలనుకుంటే బాగా కనబడేలా జరపండి, పది సెంటీమీటర్లు జరిపి వదిలేస్తే మేకు తప్పు చోట కొట్టారనుకుంటారు.

ఇక తలాలు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. 1929లో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఎగ్జిబిషన్ కోసం కట్టిన పెవిలియన్‌లో కప్పు బరువు మోసేది ప్రధానంగా సన్నటి ఎనిమిది స్టీల్ స్తంభాలు, గోడలకి ఆ పని లేదు కాబట్టి అవి నాలుగు మూలలూ కలిసి పెట్టెలా మూసుకోవు, పలకల్లా విడివిడిగా నిలబడి మనిషి ఎటు నడవాలో చెబుతాయి. దీన్ని మనం పార్టిషన్‌కి వాడుకోవచ్చు. మోకాలెత్తు పార్టిషన్ హద్దు చూపిస్తుంది గానీ గదిని విడదీయదు, నడుమెత్తుది కాస్త చాటునిస్తుంది, కళ్ల ఎత్తు దాటిందంటే అవతల ఇంకో గది ఉన్నట్టే లెక్క. చోటు చిన్నదైతే నడుమెత్తు దాటనివ్వకండి. కార్పెట్ కూడా తలమే, సోఫా ముందు కాళ్లయినా దాని మీదికి రాకపోతే రెండూ ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉంటాయి.

ఘనం అంటే వస్తువులే కాదు, వాటి మధ్య మిగిలిన ఖాళీ కూడా. కొనబోయే సోఫా కొలతలు మాస్కింగ్ టేప్‌తో నేల మీద గీసి, దాని ఎత్తుకి అట్టపెట్టెలు పేర్చి, రెండ్రోజులు చుట్టూ తిరగండి. నడిచే దారి 90 సెంటీమీటర్లకి తగ్గుతుంటే ఆ సైజు మానేయండి. ఘనం బరువుగా అనిపించడం మెటీరియల్‌ని బట్టి కూడా ఉంటుంది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు 1989లో కట్టిన పిరమిడ్ గాజుది కాబట్టి వెనకున్న ప్యాలెస్ కనబడుతోంది, అదే రాతితో కడితే ముందు చూపుకి అడ్డమే. ఇరుకు గదిలో గాజు టేబుల్, కాళ్ల మీద లేచిన సోఫా పనికొచ్చేది ఇందుకే.

రంగు సంగతి ఇప్పుడు. పక్కపక్కనున్న రెండు గోడలకీ ఒకే రంగు వేస్తే అవి కలిసి ఘనంలా కనిపిస్తాయి, వేర్వేరు రంగులేస్తే తలాలుగా విడిపోతాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఆర్కిటెక్ట్ రీట్‌వెల్డ్ కట్టిన 1924 నాటి రీట్‌వెల్డ్ ష్రోడర్ ఇంట్లో తెలుపు, బూడిద రంగు పలకలకీ, ఎరుపు, పసుపు, నీలం గీతలకీ ఇదే కిటుకు. మీ గోడకి రంగు మార్చాల్సి వస్తే రెండు గోడలు కలిసే లోపలి మూలలో ఆపించండి. బయటికి పొడుచుకొచ్చిన మూల దగ్గర ఆపితే ఎంత మందం గోడైనా అట్టముక్కలా కనిపిస్తుంది, అలాంటి చోట పెయింటర్‌తో రంగుని మూల తిప్పించి పక్క గోడ చివరి దాకా వేయించండి.