బెంగళూరులో సొంతంగా టైల్స్ పని పట్టుకోవాలంటే: కాగితాలు, రేటు లెక్క

మేస్త్రి కింద నాలుగైదేళ్లు చేసి చెయ్యి కుదిరాక ఎవరికైనా వచ్చే ఆలోచనే, ఇక మనమే పని పట్టుకుందాం అని. కేఆర్ పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఈ పనిలో మన తెలుగోళ్లు చాలామందే ఉన్నారు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేవి రెండే, లైసెన్స్ ఏం కావాలి, చదరపు అడుగుకి ఎంత చెప్పాలి. మొదటిది తేలిక. రెండోదాంట్లోనే మునిగిపోతారు, నేనూ మునిగినోణ్ణే.

ఇళ్లల్లో టైల్స్ వెయ్యడానికి ప్రత్యేకంగా లైసెన్సూ పరీక్షా ఏం లేవు, ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు. గవర్నమెంటు పనులు పట్టాలంటే పీడబ్ల్యూడీలో (ప్రజా పనుల శాఖలో) కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ అవ్వాలి, అది వేరే దారి. మనకి ముందు కావాల్సింది పాన్ కార్డు, ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు. ఉద్యం ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ అయ్యుంటే చాలు. జీఎస్టీ అయితే ఏడాదికి మీ బిల్లులు 20 లక్షలు దాటితేనే తప్పనిసరి, కానీ ఇక్కడొక మెలిక ఉంది, మెటీరియల్ కూడా మీరే తెచ్చి కలిపి బిల్లు వేస్తే ఆ మొత్తం మీ టర్నోవర్ కిందకే వస్తుంది, నాలుగైదు పెద్ద ఇళ్లు చేసేసరికి గీత దాటేస్తారు, అందుకే మొదట్లో టైల్స్, అడెసివ్ (టైల్స్ అంటించే జిగురు పొడి) కస్టమర్‌నే కొనుక్కోమని మనం లేబర్ మాత్రమే మాట్లాడుకోవడం మేలు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చెయ్యకూడదు. బిల్డర్ల దగ్గర చేస్తే 1% టీడీఎస్, అంటే పన్ను కింద ముందే, పట్టుకుంటారు, పాన్ ఇవ్వకపోతే 20% పోతుంది, రిటర్న్ వేస్తే ఆ పట్టుకున్నది వెనక్కి తెచ్చుకోవచ్చు, చాలామంది వెయ్యరు, ఊరికే వదిలేస్తారు. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి లేబర్ కార్డు (కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చేది) మాత్రం చేయించండి, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినోళ్లకి, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉంటే ఇస్తారు. పైనుంచి జారి పడ్డప్పుడు ఆ కార్డు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు రేటు. నా మొదటి సొంత పని ఒక టూ బీహెచ్‌కే ఫ్లాట్, వెయ్యి అడుగులు. ఓనర్ "ఏమప్పా, పక్క బ్లాక్‌లో 22కే చేస్తామన్నారు" అంటే నేను సరే సార్ అనేశా. పని అయ్యాక కూలీలకి ఇచ్చి చూసుకుంటే చేతిలోంచి పోయింది. తప్పెక్కడంటే నేను అడుగు రేటు ఊళ్లో రేటు చూసి చెప్పా, నాకు ఎన్ని రోజులు పడుతుందో లెక్కేసుకోలేదు.

లెక్క ఇలా వేసుకోండి. అంకెలు మాటవరసకి చెప్తున్నా, మీ కూలి రేట్లు మీరు పెట్టుకోండి. మేస్త్రికి 1200, హెల్పర్‌కి 800, బ్లేడు, పెట్రోలు, టీ అన్నీ కలిపి 200, అంటే రోజుకి 2200. వెయ్యి అడుగులు పరవడానికి 9 రోజులు, ముందు మట్టం చూసుకుని ఫ్లోర్ క్లీన్ చెయ్యడానికి ఒక రోజు, గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు నింపడం), స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), తుడుపు రెండు రోజులు, మొత్తం 12. 12 ఇంటూ 2200 అంటే 26,400. దాని మీద 20% మీకు, అంటే 5,280, కలిపితే 31,680. అడుగుకి 32 దగ్గర పడుతుంది. అదే 22కి ఒప్పుకుంటే వచ్చేది 22,000, మీ లాభం సంగతి తర్వాత, ఖర్చులకే 4,400 తక్కువ. మీరే మేస్త్రిగా కూర్చున్నా సరే మీ కూలి ఖర్చులో రాసుకోవాలి, చాలామంది అది మర్చిపోయి మిగిలిందంతా లాభం అనుకుంటారు.

పని చూడ్డానికి వెళ్లినప్పుడు టేపు తీసి కొలవాలి, ప్లాన్‌లో ఉన్న కొలత నమ్మొద్దు. ఇంకోటి, రెండు బై రెండు టైల్ అంటాం గానీ అది నిజానికి 600 మిల్లీమీటర్లే, రెండు అడుగులకి దాదాపు 10 మిల్లీమీటర్లు తక్కువ. పది బై పన్నెండు గదిలో పదడుగుల వైపు ఐదు టైల్స్ వేశాక స్పేసర్లు (టైల్స్ మధ్య సందుకి పెట్టే ప్లాస్టిక్ ముక్కలు) పోను గోడ పక్కన రెండు మూడు వేళ్లంత సందు మిగులుతుంది, అక్కడ సన్న పట్టీ వేస్తే ఇల్లంతా అదే కనపడుతుంది. దాన్ని తప్పించాలంటే మధ్యలోంచి మొదలుపెట్టి రెండు చివర్లా సమానంగా సగం కన్నా కాస్త పెద్ద ముక్కలు పెట్టాలి, ఒక్కో ముక్కకి ఒక టైల్ పోతుంది. అప్పుడు ఒక వైపు ఆరు, ఇంకో వైపు ఏడు, ఆరు ఏడ్ల 42 టైల్స్, పెట్టెకి నాలుగు కాబట్టి 11 పెట్టెలు. చదరపు అడుగులకి 5% కలిపి లెక్కేస్తే 9 పెట్టెలే వస్తాయి, పని మధ్యలో టైల్స్ అయిపోయి షాపుకెళ్తే అదే బ్యాచ్ దొరకదు, షేడ్ మారిపోతుంది. ముందే కస్టమర్‌కి గీసి చూపించి అడగండి, మిగిలిన ముక్కలు స్కర్టింగ్‌కి వాడుకోవచ్చని కూడా చెప్పండి, ఒప్పుకుంటారు. ఈ కటింగ్‌కి టైమ్ పడుతుంది కాబట్టి రేటులో అదీ ఉండాలి.

బాత్రూంకి అడుగు రేటు చెప్పకండి, గుత్తకి మాట్లాడుకోండి. ఐదు బై ఏడు బాత్రూంలో కింద 35 అడుగులే, గోడలు ఎనిమిది అడుగుల ఎత్తు వరకు అంటే తలుపు తీసేసినా 174 దాటతాయి, పైపుల దగ్గర హోల్స్, మూలలు, నీళ్లు పోయే జాలీ వైపు వాటం, ఇదంతా చేతిపని. వాటర్‌ప్రూఫింగ్ వేరేవాళ్లు చేస్తే నీళ్లు నిలబెట్టి ఒకటి రెండు రోజులు చూశాకే మీరు మొదలుపెట్టండి, లేదంటే తర్వాత కింద ఫ్లాట్‌లో తడి వచ్చినప్పుడు మిమ్మల్నే పిలుస్తారు.

కొటేషన్ ఒక పేజీ అయినా చాలు, వాట్సాప్‌లో పంపినా సరే, కానీ రేటులో లేనివి రాయాలి. పాత టైల్స్ పగలగొట్టడం, ఆ చెత్త కిందకి దించి బయట పారెయ్యడం, లిఫ్ట్ ఇవ్వకపోతే పెట్టెలు మొయ్యడం, ఫ్లోర్ ఎత్తుపల్లాలు అంగుళం దాటితే సరిచెయ్యడం, ఇవన్నీ విడిగా. అపార్ట్‌మెంట్లలో కటింగ్ మిషన్ ఆడించే టైమింగ్స్ ముందే అడగాలి, సాయంత్రం ఆరుకి ఆపేయమంటే, ఆదివారం వద్దంటే మీ 12 రోజులు 15 అవుతాయి. విట్రిఫైడ్ టైల్స్‌ని ఉత్త సిమెంట్ మీద వెయ్యమంటే ఒప్పుకోకండి, ఆ టైల్ నీళ్లు అర శాతం కూడా పీల్చదు, సిమెంట్ దాన్ని పట్టుకోదు, కొన్నాళ్లకి లేచిపోతుంది. అడెసివ్ బస్తా మీద ఐఎస్ 15477 అని ఉందా చూసుకోమనండి.

డబ్బులు మొదలుపెట్టేముందు 25%, సగం పరిచాక 35%, పరవడం అయిపోగానే 30%, గ్రౌటింగ్ తర్వాత 10%. ఆ చివరి 10% ఆగిపోవడం మామూలే, అందుకే నేను గ్రౌటింగ్‌కి ముందే ఓనర్‌ని పక్కన నిలబెట్టుకుని చెక్క సుత్తితో ప్రతి టైలూ తట్టి చూపిస్తా, డొల్ల శబ్దం వచ్చింది అక్కడే తీసి మళ్లీ వేస్తా, ఆయన చేతే ఫోన్‌లో వీడియో తీయిస్తా.