108 ఉద్యోగంలో చేరే ముందు ఇంట్లో తేల్చుకోవలసిన సంగతులు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లలు 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా చేరతామంటే, పెద్దలు మొదట జీతం సంగతి, ఆ తరువాత రాత్రి డ్యూటీ సంగతి అడుగుతారు. ఆ రెండూ అడగవలసినవే. అయితే అంతకంటే ముందు, ఆపద వేళ మన ఇంట్లో ఎవరు ఏం చేస్తూ వచ్చారో, అందులో మీకు అబ్బినది ఏమిటో తేల్చుకోవాలి. 108 సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005లోనూ, ఒడిశాలో 2013లోనూ మొదలైంది కనుక, తాతల నాటి నుంచి మనకు ఈ వృత్తి వచ్చే వీలు లేదు. వచ్చి ఉంటే అలవాటే వచ్చి ఉండాలి.

ఒక నోటుపుస్తకంలో, జ్ఞాపకమున్నంత వరకు ఇంట్లోనూ వీధిలోనూ జరిగిన ఆపదలను రాసి, ఒక్కొక్కదాని పక్కన అప్పుడు మీరు చేసిన పని ఏమిటో రాయండి. మా నాయనమ్మ పెరట్లో జారిపడిన రాత్రి నాకు పదిహేనేళ్లు. లారీ నడిపే మా నాన్న ఆమెను ఎత్తబోతుంటే, తుంటి దగ్గర నొప్పి అంటోంది, కదిలించవద్దని అమ్మ ఆపింది. నేను ఫోన్లో ఒడియాలో, గుడి దాటాక రెండో సందు, బోరింగు ఎదురుగా అని దారి చెప్పి, బండి వచ్చేదాకా సందు మొదట్లో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. కేకలు వేయకుండా మాట్లాడటం అమ్మను చూసి నేర్చుకున్నదే.

నర్సు కూతురికే ఈ పని వస్తుందని, డ్రైవరు కొడుకు పైలట్‌గానే, అంటే అంబులెన్స్ నడపడానికే పనికివస్తాడని వేసే లెక్కను నేను ఒప్పుకోను. భాష సంగతి మాత్రం నిక్కచ్చిగా చూసుకోవాలి. శ్రీకాకుళం వైపు హాస్టళ్లలో చదివిన మన పిల్లలు చాలామంది ఒడియా మాట్లాడగలరు గాని రాయలేరు. చేరకముందే రాయడం నేర్చుకోవాలి. గజపతి జిల్లా కొండ ఊళ్లలో నొప్పి ఎక్కడని సవర భాషలో అడగగలిగితే ఇంకా మేలు.

ఇంట్లో నేర్చిన వాటిలో విడిచిపెట్టవలసినవీ ఉంటాయి. పాము కరిస్తే తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, మంత్రగాడి దగ్గరకు తీసుకువెళ్లడం చూస్తూ పెరిగినవారు ఎందరో ఉన్నారు. నేల మీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా కనిపించకపోవచ్చు. తరువాత రెప్పలు వాలిపోయి, ఊపిరి అందని స్థితి వస్తుంది. కరిచిన కాలిని కదలకుండా ఉంచి, యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చడమే సరైన పద్ధతి. అయితే ఆ పాత అలవాటు తెలిసి ఉండటం వృథా కాదు. మా ఇంట్లోనూ ఇలాగే కట్టేవారు పెద్దమ్మా, ఇప్పుడు ఆసుపత్రికి పోదాం అని చెప్పగలిగిన మనిషి మాటను ఆ ఇంటివారు వింటారు.

అప్పులున్న ఇల్లయితే మరికొంత ఆలోచించాలి, ఎందుకంటే ఈ ఉద్యోగాలు ఎక్కువగా 108ని నడిపే నిర్వహణ సంస్థ కింద కాంట్రాక్టువి, 12 గంటల షిఫ్టులు సాధారణం. జీతం తేదీ, సెలవులు, రాత్రి డ్యూటీ తరువాత ఇంటికి చేరే దారి ఎలాగో ముందే కనుక్కోండి. ముఖ్యంగా ఆడపిల్లలు, మీ పట్టణంలో అంబులెన్స్ ఆగే చోటికి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని షిఫ్టు మారే వేళ వెళ్లి, పనిచేసి దిగుతున్న అక్కలతో, అన్నలతో మీ పెద్దలనే నేరుగా మాట్లాడనివ్వండి.