సినిమా ఆయుధం నమూనా చేయబోతున్నారా? మొదటి కోతకు ముందే చూసుకోవలసినవి

సైన్స్ ఫిక్షన్ సినిమా తుపాకీని సొంతంగా చేయబోయేవారు సామాను కొనేముందే వీటిని ఒకసారి చూసుకోండి.

మూతి కొసకు ముదురు నారింజ రంగు వేయండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు మూసిన పెట్టెలోనే ఉంచండి. దూరం నుంచి చూసే పోలీసుకు అది ఆటవస్తువని తెలియదు. ఎంత అందంగా కుదిరితే అంత ప్రమాదం. ఈ ఒక్క పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

పీవీసీ పైపును వేడిచేసి వంచేటప్పుడు మాడనివ్వకండి. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. లేజర్ కట్టర్‌లో పీవీసీ అసలే పెట్టవద్దు.

రెసిన్ (పోతపోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) గట్టిపడ్డాక సానబట్టేటప్పుడు మాస్కు తప్పనిసరి.

సినిమా దృశ్యంలో నటుడి అరచేతి వెడల్పుతో పోల్చి కొలతలు లెక్కగట్టండి. ముందు అట్టముక్కతో చేసి చేత్తో పట్టి చూడండి. నా అనుభవంలో ఎక్కువగా తప్పేది పిడి లావే. అతికించాక దాన్ని సరిచేయడం చాలా కష్టం.

9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా కలపకండి, కాలిపోతుంది. ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు పోగా 7 మిగులుతాయి. కరెంటు 20 మిల్లీఆంపియర్లు దాటకుండా ఉండాలంటే 350 ఓమ్‌ల నిరోధం కావాలి (7 ÷ 0.02). 390 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) వేస్తే నిశ్చింత. బ్యాటరీ మార్చడానికి తెరుచుకునే మూత పెట్టడం మరవకండి.

స్ప్రే రంగును ముందు పారేసే ముక్క మీద కొట్టి చూడండి. అందులోని ద్రావకం థర్మకోల్‌ను కరిగించేస్తుంది.