పెళ్లి వీడియోలో ఫోకస్ జర్క్ లేకుండా మారాలంటే ఎలా?

పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు పెళ్లిళ్లు షూట్ చేసేవాళ్లకు అసలు పరీక్ష జీలకర్ర-బెల్లం దగ్గరే. తల మీది చెయ్యి నుంచి పెళ్లికూతురి కళ్ల మీదికి ఫోకస్ మెల్లగా జారాలి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే టక్కున దూకుతుంది, లేదంటే ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

ముందు లెన్స్ మీద ఏం రాసుందో చూడండి. కెనాన్‌లో ‘ఎస్‌టీఎం’ అని ఉంటే అది స్టెప్పింగ్ మోటార్. 2012లో మొదలైన రకం. లోపలి గాజును చిన్న చిన్న అంచెలుగా, పెద్దగా చప్పుడు లేకుండా కదుపుతుంది. నికాన్‌లో ఏఎఫ్-పీ లెన్సులు ఇలాంటివే. పాత 50 ఎంఎం లెన్స్ ఉంటే ఫొటోలకు వాడుకోండి. వీడియోలో దాని గరగర మంత్రాలతో పాటే రికార్డవుతుంది.

తర్వాత సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి మండపం లైట్లు మినుకుమినుకుమనడం చాలావరకు తగ్గుతుంది. అపర్చర్, అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే కంత, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4 మధ్య చాలు. 1.8లో కళ్లు కుదిరితే బాసికం మసకేస్తుంది.

ఇక మెనూ. సోనీ కొత్త కెమెరాల్లో ఏఎఫ్ (ఆటోఫోకస్) ట్రాన్సిషన్ స్పీడ్ 1 నుంచి 7 దాకా ఉంటుంది, 3తో మొదలుపెట్టండి. దీని పక్కదే సబ్జెక్ట్ షిఫ్ట్ సెన్సిటివిటీ, 1 నుంచి 5 దాకా. చాలామంది దీన్ని ముట్టుకోరు, నా లెక్కలో అసలు కీలకం ఇదే. మొదటిది ఫోకస్ ఎంత వేగంగా వెళ్లాలో చెబుతుంది, రెండోది పట్టుకున్న మనిషిని ఎంత త్వరగా వదలాలో చెబుతుంది. కెమెరా ముందు నుంచి బంధువులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు కాబట్టి రెండోదాన్ని 2 కంటే పెంచొద్దు. కెనాన్‌లోనూ చాలా మోడళ్లలో ఈ రెండూ మూవీ సర్వో (వీడియోలో ఆగకుండా ఫోకస్ చేసే పద్ధతి) సెట్టింగుల్లో దొరుకుతాయి.

టచ్ స్క్రీన్ ఉంటే ముహూర్తానికి ముందే స్క్రీన్‌లో కలశం మీద ఒకసారి, వెనకున్న పూలదండ మీద ఒకసారి తాకి ఫోకస్ వేగం చూసుకోండి. జీలకర్ర-బెల్లం వేళ ముందు చెయ్యి మీద ఆగి, తర్వాత స్క్రీన్‌లో కళ్ల మీద తాకితే సరి.

అడ్డుతెర ఉన్నంతసేపూ ఆటోఫోకస్ గుడ్డనే పట్టుకుంటుంది. తలంబ్రాలప్పుడు గాల్లో ఎగిరే గింజల వెంట పడుతుంది. ఆ రెండు చోట్లా ముఖం మీద ఫోకస్ కుదిర్చి లాక్ చేసేయండి. కెనాన్‌లో టచ్ స్క్రీన్ మీది సర్వో గుర్తును తాకితే ఆటోఫోకస్ ఆగుతుంది. హోమం పొగలో మాత్రం చేత్తో తిప్పడమే మేలు. ఎస్‌టీఎం లెన్స్ రింగు కూడా మోటారు ద్వారానే పనిచేస్తుంది కాబట్టి కెమెరా ఆఫ్‌లో ఉంటే ఎంత తిప్పినా ఫోకస్ మారదు.