సొంత ప్రాంతంలో చిన్న పరిశ్రమలు నిలబడాలంటే: హైదరాబాద్‌లో ఉన్నవారికి ఒక మార్గదర్శి

హైదరాబాద్‌లో స్థిరపడి, పాలమూరు, వికారాబాద్, ఆదిలాబాద్ వైపున్న తమ సొంత మండలానికి ఏదైనా చేయాలని తపించేవారు చాలామంది ఉన్నారు. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు గాని, పూర్వ విద్యార్థుల సంఘాలు గాని, చిన్న ట్రస్టులు గాని ఈ పనికి పూనుకున్నప్పుడు ఎక్కువగా శిక్షణ శిబిరంతోనో, కుట్టుమిషన్ల పంపిణీతోనో, రుణ మేళాతోనో మొదలుపెడతారు. వారి ఉద్దేశం మంచిదే, కానీ ఆ వరుస తలకిందులుగా ఉంది. వెనుకబడిన ప్రాంతంలో పెట్టిన యూనిట్లు మూతపడటానికి నేర్పేవారు లేకపోవడం కంటే, తయారైన సరుకు కొనేవారు లేకపోవడం, కొన్నవారు సకాలంలో డబ్బు ఇవ్వకపోవడమే పెద్ద కారణాలని నా అభిప్రాయం. అందువల్ల ముందు కొనుగోలుదారుణ్ని వెతకడం, తర్వాత తయారుచేసే మనిషిని ఎంచుకోవడం, ఆ తర్వాతే రుణం సంగతి చూడటం అన్న క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టవలసిన చోటు ఆ ప్రాంతపు వారపు అంగడి. నాలుగైదు వారాలు వరుసగా అక్కడికి వెళ్లి, ఏ సరుకు బయటి నుంచి వచ్చి అమ్ముడవుతోందో, స్థానికంగా పండినది ఏ దశలో ఊరు దాటిపోతోందో రాసుకోవాలి. తాండూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ పరిసరాల్లోనే కందులను పచ్చి సరుకుగా అమ్ముకుని, పప్పును మాత్రం కిరాణా దుకాణంలో కొనుక్కునే రైతు కుటుంబాలు కనిపిస్తాయి. కంది పప్పుగా మారే దశలో వచ్చే ఆదాయాన్ని ఆ ఊరు వదులుకుంటోందన్నమాట. ఇలాంటి చోటు ఒక్కటి దొరికితే చాలు, పది కొత్త ఆలోచనలు అవసరం లేదు.

మనుషుల ఎంపిక విషయంలో హైదరాబాద్‌కే చెందిన ఒక పాత అనుభవం మనకు మార్గం చూపుతుంది. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్‌ఐ ఎంఎస్ఎంఈగా పిలుస్తున్న, చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 1962లో ఢిల్లీ నుంచి ఇక్కడికి తరలివచ్చి, చాలాకాలం సియెట్ పేరుతో నడిచింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం ఆ సంస్థతో కలిసి, కాకినాడకు చెందిన యాభై మందికి పైగా వ్యాపారులకు లక్ష్యసాధన మీద శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాతి కాలంలో వారిలో చాలామంది కొత్త పెట్టుబడులు పెట్టి, వ్యాపారాన్ని విస్తరించారు. సంప్రదాయపు అలవాట్లు, నమ్మకాలు వారికి అడ్డురాలేదు. ఈ ప్రయోగం గురించి మాట్లాడేటప్పుడు తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది: ఆ శిక్షణకు వచ్చినవారు అప్పటికే ఏదో ఒక వ్యాపారంలో ఉన్నవారు. మనం కూడా దరఖాస్తులు పిలిచి ఎంపిక చేయడం కంటే, ఇప్పటికే చిన్న గిర్నీ నడుపుతున్నవారిని, ఇంట్లో పచ్చళ్లు పెట్టి నలుగురికీ అమ్ముతున్నవారిని, పొదుపు బృందంలో లెక్కల పుస్తకం శ్రద్ధగా రాస్తున్న మహిళను వెతుక్కోవడం మేలు. పాలమూరు నుంచి వలస వచ్చి, హైదరాబాద్ నిర్మాణాల దగ్గర వెల్డింగ్, సెంట్రింగ్, టైల్స్ పని నేర్చుకుని ఊరికి తిరిగి వెళ్లినవారి చేతిలో ఉన్న నైపుణ్యాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మొదట కలవవలసినవారిలో వారూ ఉండాలి.

నగరంలో ఉన్నవారు చేయగలిగే అసలు సాయం మొదటి ఆర్డర్లు తేవడమే. అపార్ట్‌మెంట్ సంఘాలు, హాస్టళ్లు, క్యాటరింగ్ చేసేవారు, కార్యాలయాల క్యాంటీన్లు ప్రతి నెలా పప్పు, పిండి, కారం కొంటూనే ఉంటారు. వారిలో ముగ్గురు నలుగురిని కలిసి, నెలకు ఎంత కావాలో, ఏ ధరకు తీసుకుంటారో, ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో కాగితం మీద రాయించుకోవాలి. జాలిపడి కొనేవారు రెండోసారి రారు కాబట్టి, సరుకు నచ్చకపోతే వెనక్కి పంపమని వారికి ముందే చెప్పడం మంచిది. బేగంబజార్ టోకు వ్యాపారుల దగ్గరికి కూడా వెళ్లాలి. వారు వెంటనే కొనకపోయినా, గింజ పరిమాణం, తేమ, సంచి బరువు విషయంలో బజారు ఏమి అడుగుతుందో వారికంటే సూటిగా చెప్పేవారు లేరు. చేనేత, హస్తకళల వారికి మాదాపూర్ శిల్పారామం, సాధారణంగా జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్ ప్రదర్శన మంచి పరీక్షా స్థలాలు. చిరుధాన్యాల పదార్థాలైతే రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ, మహిళలు నడిపే యూనిట్లయితే మహిళా పారిశ్రామికవేత్తల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2018లో ఏర్పాటుచేసిన వీ హబ్ తలుపు తట్టాలి. ప్రభుత్వ సంస్థలే కొనుగోలుదారులైన సందర్భాలూ ఉన్నాయి: ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు చేరాయి.

ఇక డబ్బు సంగతి. యంత్రం ధర అందరూ కనుక్కుంటారు, నిర్వహణ పెట్టుబడిని మాత్రం చాలామంది లెక్కవేయరు. కోస్గి దగ్గర ఒక మహిళా బృందం నెలకు 10 క్వింటాళ్ల కందులు పట్టి, సుమారు 7 క్వింటాళ్ల పప్పు తీయాలనుకుందని అనుకుందాం. 2025–26కు ప్రకటించిన మద్దతు ధర ప్రకారం క్వింటాలు 8,000 రూపాయలు. పంట చేతికొచ్చినప్పుడే మూడు నెలల సరుకు కొనిపెట్టుకోవాలంటే 2,40,000 రూపాయలు కావాలి. పప్పు తీసుకున్నవారు 45 రోజులకు డబ్బు ఇస్తే, మరో 15 క్వింటాళ్ల కందుల ఖరీదు, అంటే 1,20,000 రూపాయలు, ఎప్పుడూ బయటే చిక్కుకుని ఉంటుంది. కూలి, కరెంటు, సంచులు కలపకముందే 3,60,000 రూపాయల అవసరం తేలింది. ఈ మొత్తం బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో లేకపోతే, బృందం అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గర వడ్డీకి తెచ్చుకుంటుంది, మిగులు ఆ వడ్డీకే పోతుంది. అందుకే యంత్రానికి తీసుకునే టర్మ్ లోన్‌తోపాటు, సరుకు కొనడానికి కావలసినప్పుడు వాడుకుని తిరిగి కట్టే సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా కూడా అడగాలి.

పథకాల్లో రెండింటిని ముందుగా చూడాలి. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) కొత్త యూనిట్లకు ఉద్దేశించినది. తయారీ రంగంలో 50 లక్షలు, సేవా రంగంలో 20 లక్షల రూపాయల ప్రాజెక్టు వరకు వర్తిస్తుంది. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. ఆహార పదార్థాల యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ (సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల కేంద్ర పథకం) కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు వస్తుంది. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, ఆ తర్వాతే ఎవరికైనా ఆశ కల్పించండి. ఈ సబ్సిడీ చేతికి నగదుగా రాదని, మూడేళ్లపాటు బ్యాంకులోనే ఉండి, యూనిట్ నడుస్తూ వాయిదాలు సక్రమంగా కడితేనే అప్పులో జమ అవుతుందని తీసుకునేవారికి స్పష్టంగా చెప్పడం మీ బాధ్యత. మీరు తోడుండవలసిన కనీస కాలం కూడా ఆ మూడేళ్లే.

చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. డబ్బు అడిగే ఏజెంట్లను దూరం పెట్టి, మీరే కూర్చుని చేయించండి. దాని విలువ బకాయిల విషయంలో తెలుస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులకు మించకుండా, లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. అయితే ఉన్న ఒక్క కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేయడానికి చిన్న యూనిట్ జంకుతుంది, ఆ భయాన్ని అర్థం చేసుకోవాలి. అంతకంటే మృదువైన మార్గం ఒకటుంది: 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన వల్ల, గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు నిజంగా చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోలేడు. ఈ మాట కొనుగోలుదారుడి అకౌంటెంట్‌కు గుర్తుచేస్తే చాలాసార్లు పని జరుగుతుంది. ఏ ఒక్కరికీ సరుకులో మూడో వంతుకు మించి అమ్మకుండా చూసుకోవడం ఇంకా మంచిది.

త్రీ ఫేజ్ కరెంటు, ఆహార పదార్థాలకు కావలసిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) అనుమతి యంత్రం కొనకముందే తేలాలి. చిన్న పార్సిళ్లు నగరానికి చేర్చడానికి ఆర్టీసీ లాజిస్టిక్స్ సేవ ఉంది.

ఒక యూనిట్ నిలబడగానే అలాంటివే మరో ఇరవై పెట్టించాలన్న ఉత్సాహం వస్తుంది, దానికి లొంగవద్దని గట్టిగా చెబుతాను. ఒకే మండలంలో ఇరవై మంది ఒకే పప్పు పడితే ధర పడిపోయి, అందరూ నష్టపోతారు. మొదటి యూనిట్‌కు అవసరమైనవాటినే రెండో అవకాశంగా చూడాలి: సంచులు కుట్టేవారు, యంత్రం మరమ్మతు చేసేవారు, పొట్టును దాణాగా అమ్మేవారు. మూడో ఏడు వచ్చేసరికి కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, ధరల ఒప్పందాలు, ల్యాబ్ రిపోర్టులు, బ్యాంకు కాగితాలు అన్నీ మండల మహిళా సమాఖ్య దగ్గర ఉండేలా చేసి, ధర బేరం చేసే పని క్రమంగా బృందానికే అప్పగించండి. రెండు పంట కాలాలు మీ ప్రమేయం లేకుండా కొనుగోళ్లు, అమ్మకాలు, వాయిదాలు సాగితే, మీరు పక్క మండలపు అంగడికి వెళ్లవచ్చు.